యజమాని లేని గిడ్డంగి: ఫైల్‌కాయిన్ అను నాణెము చేయు పని

ఈ సంవత్సరము వేసవి సెలవులకు ముందు, మా పాఠశాలలో పదవ తరగతి చదువుచున్న యొక బాలుని తండ్రి నన్ను జూడవచ్చెను. ఆయన చేతిలో సెల్‌ఫోను కలదు. అందులో బంధువు పంపిన సందేశ మొకటి కలదు. "మాస్టరుగారూ, ఫైల్‌కాయిన్ అను నాణెమును కొనినచో రెండేండ్లలో పదింత లగునని మా బావమరిది చెప్పుచున్నాడు. పిల్లవాని కాలేజీ చదువునకై దాచిన సొమ్ము కొంత కలదు. దానితో కొనవచ్చునా?" అని యాయన యడిగెను.

అంతకు వారము దినములకు ముందే ఆయన కుమారుడు తరగతిలో మఱియొక ప్రశ్న వేసియుండెను. "మాస్టరుగారూ, ప్రపంచములో ఎక్కడెక్కడనో ఉన్నవారి కంప్యూటర్లలో మన ఫైళ్లను దాచవచ్చునట. ముక్కు మొగ మెఱుగనివారు వానిని పాడుచేయక దాతురని నమ్ముట యెట్లు?" అని వాడడిగెను.

చదువరులారా! ఈ రెండు ప్రశ్నలును ఒకే వస్తువును గూర్చినవి. తండ్రి దాని వెలను గూర్చి యడిగెను. కుమారుడు దాని పనిని గూర్చి యడిగెను. పని తెలిసినగాని వెలను గూర్చి మాటలాడుట తగదు. కావున కుమారునికి ముందుగా జవాబు చెప్పి, పిదప తండ్రికి చెప్పెదను.

దాచుకొనుటలోని చిక్కు

గత సంవత్సరము నా యొద్దనున్న హార్డుడిస్కు ఒకటి చెడిపోయెను. మా పాఠశాల పూర్వవిద్యార్థుల ఛాయాపటములను కొన్ని నెలలు శ్రమపడి స్కాను చేసి దానిలో నుంచితిని. రెండవ ప్రతి తీసియుంచ లేదు. తప్పు నాదే. ఒక్కచోటనే దాచిన వస్తువు ఒక్క దెబ్బకే పోవునని నాకు నాడు తెలిసివచ్చెను.

ఇట్టి నష్టమునకు వెఱచియే నేటి జనులు తమ పటములను, పత్రములను క్లౌడు అను దానిలో దాచుకొనుచున్నారు. క్లౌడనగా మేఘమని యర్థము. కాని యది ఆకాశమున లేదు. గొప్ప కంపెనీలవారు కట్టిన భవనములలో వేలకొలది కంప్యూటర్లుండును. మన ఫైళ్లు వానిలో నుండును. ఈ యేర్పాటు సుఖమైనదే. ఆ కంపెనీలు మన కంటె జాగ్రత్తగానే దాచును. అయినను తలుపు తాళము మాత్రము వారి చేతిలోనే యుండును. యాహూ కంపెనీవారు జియోసిటీస్ అను సేవను నడుపుచుండిరి. సామాన్యజనులు తమ సొంత పుటలను లక్షలకొలదిగా అందులో వ్రాసికొనియుండిరి. 2009 సంవత్సరము అక్టోబరు నెలలో కంపెనీవారు దానిని మూసివేసిరి. ఇంటర్నెట్ ఆర్కైవు మున్నగువారు ముందుగా ప్రతులు తీసినందున కొంత మిగిలెను, తక్కినది పోయెను. అందు మోసమేమియు లేదు. గిడ్డంగి యజమాని గిడ్డంగిని మూసికొనెను, అంతియే.

యజమాని లేని గిడ్డంగి యొకటి యుండరాదా యని కొందఱు తలపోసిరి. జువాన్ బెనెట్ అనునాయన 2014 సంవత్సరమున ప్రోటోకాల్ ల్యాబ్స్ అను సంస్థను స్థాపించెను. ఆ సంస్థవారు 2015లో ఐపీఎఫ్ఎస్ అను పద్ధతిని వెలువరించిరి. సాధారణముగా ఇంటర్నెట్టులో ఒక ఫైలును వెదకునపుడు, అది ఎవరి కంప్యూటరులో నున్నదో ఆ చిరునామాను బట్టి వెదకుదుము. ఐపీఎఫ్ఎస్‌లో ఫైలునకు దాని వేలిముద్రయే చిరునామా. ఏ ఫైలునైనను ఒక గణితక్రియకు లోబఱచినచో చిన్న సంఖ్యయొకటి వచ్చును. ఫైలులో ఒక్క కామా మార్చినను ఆ సంఖ్య పూర్తిగా మాఱిపోవును. కావున అపరిచితుడు మనకు ఫైలు తెచ్చియిచ్చినను, వేలిముద్ర సరిచూచినచో అది నిజమైనదో కాదో నిమిషములో తేలును. తెచ్చినవాడు మంచివాడా యని విచారింప నక్కఱలేదు.

అయితే ఈ పద్ధతిలో నొక లోటు మిగిలెను. ఫైలు దొరికినచో అది నిజమైనదని తెలియును గాని, దానిని దాచి తీరవలెనన్న బాధ్యత ఎవరికిని లేదు. ఎవడైనను తన కంప్యూటరును కట్టివేసి పోవచ్చును. పరుల సొత్తును సంవత్సరములకొలది ఎవడు ఊరక దాచును? ఈ లోటును పూరించుటకే ఫైల్‌కాయిన్ పుట్టెను. 2020 సంవత్సరము అక్టోబరు 15వ తేదీన అది పూర్తిగా పని ప్రారంభించెను.

ఐదుగురు బాలుర ఉపమానము

ఒకడు ఒక ఫైలును నిజముగా దాచుచున్నాడని దూరమునుండి తెలిసికొనుట యెట్లు? ఇదియే అన్నిటికంటె కఠినమైన ప్రశ్న. దీనిని తరగతిలో నేనిట్లు బోధించితిని.

ఒక ఉపాధ్యాయుడు ఒక గ్రంథమును ఐదుగురు బాలురకిచ్చి, "మీలో ఒక్కొక్కడును ఒక్కొక్క ప్రతి వ్రాసి యింట దాచవలెను, దాచినవానికి నెలకు పది రూపాయలిచ్చెదను" అని చెప్పెననుకొనుడు. బాలురు గడుసువారు. ఐదుగురును కలిసి ఒక్క ప్రతినే వ్రాసిరి. ఉపాధ్యాయుడు ఎవని యింటికి వచ్చిన, ఆ ప్రతిని పెరటిదారిని వాని యింటికి చేర్చుచుండిరి. ఐదు ప్రతులకు జీతము వచ్చుచున్నది. ఉన్నది మాత్రము ఒక్కటియే. ఆ యొక్కదానికి చెదలు పట్టినచో అంతయు పోవును.

అపుడు ఉపాధ్యాయుడు రెండు నియమములు పెట్టెను. మొదటిది: ప్రతి బాలుడును తనకిచ్చిన ప్రత్యేకమైన మఱుగులిపిలోనే వ్రాయవలెను. ఆ లిపిలో ప్రతి యక్షరమును వెనుకటి యక్షరములపై ఆధారపడి యుండును. కావున నడుమనుండి వ్రాయుటకు గాని, నలుగురు పంచుకొని త్వరగా వ్రాయుటకు గాని వీలు లేదు. మొదటినుండి తుదివరకు వ్రాయుటకు ఒక రాత్రి యంతయు పట్టును. ఇట్లు వ్రాసినందున ఒకని ప్రతి మఱియొకనికి పనికిరాదు. రెండవది: ఉపాధ్యాయుడు ప్రతిదినమును వచ్చి, "213వ పుట, 7వ పంక్తి, 4వ యక్షర మేది?" అని ముందు తెలుపని ప్రశ్న వేయును. అరగంటలో జవాబు చెప్పవలెను. ప్రతి యున్నవాడు వెంటనే చెప్పును. లేనివాడు రాత్రియంతయు కూర్చుండి మఱల వ్రాసినగాని చెప్పలేడు. అంతలో గడువు మీఱును. కావున మోసగించుటకంటె నిజముగా దాచుటయే వానికి తేలిక.

ఫైల్‌కాయిన్‌లో జరుగున దిదియే. ఫైళ్లను దాచువారిని దాతలనరాదు; వారు కూలికి దాచువారు గనుక గిడ్డంగిదారులని పిలిచెదను. వారు తమ డిస్కులలోని చోటును 32 గాని 64 గాని గిగాబైట్ల గదులుగా విభజించుదురు. గదిలో ఫైలును పెట్టునపుడు దానిని తమకు మాత్రమే చెల్లు రూపమునకు మార్చి ముద్ర వేయవలెను. బలమైన యంత్రములకు సైతము ఈ పనికి గంటల కాలము పట్టును. ఇది మొదటి నియమము. పిదప ప్రతి గదికిని 24 గంటల కొకసారి పరీక్ష వచ్చును. ఆ 24 గంటలను 48 అరగంటలుగా భాగించి, ఏయే గదికి ఏ యరగంటలో పరీక్షయో నిర్ణయించియుందురు. ప్రశ్న యెట్టిదో ముందుగా ఎవరికిని తెలియదు. ఇది రెండవ నియమము. గిడ్డంగిదారుడు పంపు రుజువు మిక్కిలి చిన్నది. ఎవరైనను దానిని త్వరగా సరిచూడవచ్చును.

లెక్కపుస్తకము

పై యుపమానములో ఉపాధ్యాయుడొకడు కలడు. యజమాని లేని గిడ్డంగిలో ఆ ఉపాధ్యాయుడెవడు? ఒక మనుష్యుని నియమించినచో అతడే యజమాని యగును. కావున ఆ స్థానమున ఒక లెక్కపుస్తకమును ఉంచిరి. దానినే బ్లాక్‌చైన్ అందురు.

ఈ పుస్తకము ఒక్కచోట లేదు. వ్యవస్థలో చేరిన అనేక కంప్యూటర్లలో దాని ప్రతులుండును. ఫైల్‌కాయిన్ పుస్తకములో 30 సెకండ్ల కొక పర్యాయము క్రొత్త పుటలు చేరును. ప్రతి పుటయు వెనుకటి పుటల వేలిముద్రను ధరించియుండును గనుక, పాత లెక్కను దిద్దదలచినవాడు తరువాతి పుటల నన్నిటిని దిద్దవలసివచ్చును. తక్కిన ప్రతులు అతని మోసమును బయటపెట్టును. సతోషి నకమోటో అను పేరుతో ఒకరు 2008లో ప్రకటించి, 2009 జనవరిలో నడిపింప నారంభించిన బిట్‌కాయిన్ ఇట్టి పుస్తకమునకు పేరుపొందిన మొదటి యుదాహరణము. బిట్‌కాయిన్‌లో క్రొత్త పుట వ్రాయు హక్కును పొందుటకు యంత్రములు విద్యుత్తును వెచ్చించి లెక్కలతో పందెము వేయును; ఆ లెక్కలకు వేఱు ప్రయోజనము లేదు. ఫైల్‌కాయిన్‌లో నన్ననో, ఎవడు ఎంత చోటును రుజువు చేసి చూపెనో ఆ పరిమాణమును బట్టి వానికి పుట వ్రాయు అవకాశము కలుగును.

నాణెము చేయు నాలుగు పనులు

ఇపుడు నాణెము మాటకు వత్తము. ఫైల్‌కాయిన్ వ్యవస్థలోని నాణెమును ఫిల్ అందురు. అది చేతితో తాకదగినది కాదు. ఆ లెక్కపుస్తకములోని యొక జమ మాత్రమే. అది నాలుగు పనులు చేయును.

మొదటిది, అద్దె. ఫైలు దాచుకొనదలచినవాడు గిడ్డంగిదారునితో ఇంత కాలమునకు ఇంత అని ఒడంబడిక చేసికొనును. ఆ సొమ్ము ఒక్కసారిగా చేతికి పోదు. దాచిన దినములను బట్టి కొంచెము కొంచెముగా చెల్లును.

రెండవది, ధరావతు. గిడ్డంగిదారుడు పని మొదలుపెట్టుటకు ముందే కొంత నాణెమును పుస్తకములో తాకట్టు పెట్టవలెను. పరీక్ష తప్పినచో జరిమానా పడును. తప్పు దిద్దుకొనక గడువు మీఱిపోనిచ్చినచో ఆ గది లెక్కనుండి తొలగింపబడును. ధరావతులో కొంత భాగము పోవును. కోర్టు లేదు, బంట్రోతు లేడు. నియమము దానంతటదియే జరిగిపోవును.

మూడవది, బహుమానము. పుట వ్రాయు అవకాశము దొరకిన గిడ్డంగిదారునకు క్రొత్తగా పుట్టిన నాణెములు లభించును. అందు నాలుగవ వంతు వెంటనే చేతికి వచ్చును. మిగిలిన మూడు వంతులు 180 దినములలో క్రమముగా వచ్చును. కొంత సొమ్ము ఎప్పుడును రావలసియే యుండును గనుక, వాడు పనిని నడుమ విడిచి పోవుటకు వెనుదీయును.

నాలుగవది, రుసుము. పుస్తకములో ఏ లెక్క వ్రాయించుటకైనను స్వల్పమైన రుసుము చెల్లింపవలెను. అందు కొంత భాగము ఎవరికిని చెందక శాశ్వతముగా రద్దగును.

రూపాయలతోను డాలర్లతోను ఈ పనులు జరుగరాదా యని యడుగవచ్చును. అద్దెకైనచో సరిపోవచ్చును. కాని ధరావతును పట్టియుంచి, తప్పుచేసినపుడు తీసివేయుటకు ఒక బ్యాంకో సర్కారో కావలసివచ్చును. అపుడు మఱల యజమాని వచ్చి కూర్చుండును. అంతేగాక, క్రొత్త గిడ్డంగికి మొదట బాడుగదారులుండరు. బాడుగదారులు వచ్చువఱకు గిడ్డంగిదారులను నిలుపుటకు ఈ క్రొత్త నాణెముల బహుమానమే ఆధారము. మొత్తము 200 కోట్ల ఫిల్ నాణెములకు మించి పుట్టరాదని నియమము. అందు నూటికి 70 వంతులు గిడ్డంగిదారుల బహుమానమునకును, 15 వంతులు ప్రోటోకాల్ ల్యాబ్స్‌కును, 5 వంతులు ఫైల్‌కాయిన్ ఫౌండేషనునకును, 10 వంతులు మొదట సొమ్ము పెట్టినవారికిని ఏర్పఱచిరి. 2017లో జరిగిన అమ్మకమున 25 కోట్ల డాలర్లకు పైగా వసూలయ్యెను.

రుజువు చేయలేని విషయములు

ఇంతవఱకు చెప్పినదంతయు మెచ్చదగినదే. కాని ఉపాధ్యాయుడు పాఠములోని మంచిని మాత్రమే చెప్పి, లోటును దాచరాదు.

మొదటి లోటు: గదిలో ఏదో యున్నదని రుజువగును గాని, ఉన్నది విలువైనదని రుజువు కాదు. బహుమానము చోటును బట్టి వచ్చుచున్నందున, ఆరంభమున చాలమంది గిడ్డంగిదారులు ఎవరికిని పనికిరాని శూన్యముతో గదులను నింపి పరీక్షలలో నెగ్గుచుండిరి. దీనికి ప్రతిగా ఫిల్ ప్లస్ అను నొక యేర్పాటు చేసిరి. నిజమైన ఉపయోగము గల సమాచారమని కొందఱు మనుష్యులు విచారించి ఆమోదించినచో, ఆ గదికి పదింతల లెక్క కట్టుదురు. ఇక్కడ చదువరులు ఒక్కక్షణ మాగి యోచింపవలెను. మనుష్యులను నమ్మ నక్కఱలేని గిడ్డంగిని కట్టబోయి, విలువను నిర్ణయించుటకు తుదకు మనుష్యుల యొద్దకే రావలసివచ్చెను. ఎన్ని యక్షరములున్నవో యంత్రము లెక్కింపగలదు. ఆ యక్షరములు దాచదగినవో కావో అది చెప్పలేదు.

రెండవది: దాచుట వేఱు, అడిగినపుడు తెచ్చియిచ్చుట వేఱు. దినదిన పరీక్షలు దాచుటను రుజువు చేయును. మన మడిగినపుడు ఫైలును త్వరగా ఇయ్యకున్నను, ఆ పరీక్షలలో తప్పినట్లు కాదు. ముద్ర వేసిన గదినుండి ఫైలును వెలికి దీయుటకును కాలము పట్టును. అందువలన చాలమంది గిడ్డంగిదారులు ముద్ర వేయని ప్రతి నొకదానిని వేఱుగా ఉంచవలసివచ్చెను.

మూడవది: ఒడంబడికకు గడువు కలదు. గడువు తీరినపిమ్మట మఱల ఒడంబడిక చేసికొననిచో దాచు బాధ్యత తీరిపోవును. శాశ్వతమను మాట దీనికి చెల్లదు.

నాలుగవది: గోప్యత దానంతటది రాదు. రహస్యమైన పత్రములను మన మే మఱుగుపఱచి పంపవలెను. ఆ తాళపుచెవి పోయినచో ఫైలున్నను లేనట్లే.

ఐదవది యన్నిటికంటె ముఖ్యమైనది: గిడ్డంగిదారుని ధరావతును, అద్దెయును, బహుమానమును అన్నియు ఆ నాణెముతోనే ముడిపడియున్నవి. నాణెము వెల పడిపోయినచో, విద్యుత్తునకును యంత్రములకును రూపాయలలోనో డాలర్లలోనో ఖర్చు పెట్టువానికి గిట్టుబాటు కాదు. వాడు పని మానుకొనును. వెల పెరుగుటకు గిడ్డంగికి ఆదరణ కావలెను. గిడ్డంగి నిలుచుటకు వెల కావలెను. ఒకదానిపై నొకటి ఆనుకొని నిలిచిన రెండు కఱ్ఱలవంటి వివి.

తండ్రికి చెప్పిన జవాబు

ఇక తండ్రి ప్రశ్నకు వచ్చెదను. నేనాయనతో ఇట్లంటిని: "అయ్యా, ఆ నాణెము చేయు పని నిజమైనదే; అది ఉత్త మాయ కాదు. కాని పని మంచిదైనంతమాత్రమున దానిని ఏ వెలకు కొనినను లాభమని చెప్పరాదు. 2021 ఏప్రిల్ మొదటి దినములలో ఒక్క ఫిల్ వెల 230 డాలర్లు దాటెను. 2022 సంవత్సరాంతమునకు అది 5 డాలర్లకు లోబడెను. నాడు నూరు డాలర్లు పెట్టినవానికి మూడు డాలర్లైనను మిగులలేదు. ఆ రెండేండ్లలో గిడ్డంగి మూతపడలేదు; పరీక్షలు దినదినమును జరుగుచునే యుండెను. పని సాగెను, వెల పడెను. రెండును ఒకటి కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?"

మన దేశపు చట్టమును గూర్చియు కొంత చెప్పితిని. ఇట్టి వ్యాపారములకు బ్యాంకులు తోడ్పడరాదని రిజర్వు బ్యాంకు 2018లో ఇచ్చిన యుత్తర్వును సుప్రీంకోర్టు 2020 మార్చిలో కొట్టివేసెను. అంతమాత్రమున ఇవి రూపాయవలె చెల్లు నాణెములు కాలేదు. 2022 సంవత్సరమున ప్రభుత్వము వీని లాభముపై నూటికి 30 వంతుల పన్ను విధించెను. ఒకదానిలో వచ్చిన నష్టమును మఱియొకదాని లాభములో తీసివేసికొను వీలు కూడ ఇయ్యలేదు. ఇంత విని, ఆయన కొంతసేపు మౌనముగా నుండి, "పిల్లవాని చదువు సొమ్ము పిల్లవాని చదువునకే యుండనిచ్చెదను" అనెను. అది ఆయన నిర్ణయము. నేను లెక్కలు మాత్రమే చూపితిని.

కుమారుడు మాత్రము అంతటితో విడువలేదు. "మాస్టరుగారూ, నాణెము కొనకుండ దాని బుద్ధిని మనము వాడుకొనరాదా?" అని యడిగెను. ఆ మాట నాకు నచ్చెను. నా హార్డుడిస్కు చెడిపోగా, పూర్వవిద్యార్థుల యిండ్లనుండి మఱల సంపాదించిన పటములను వాడును వాని స్నేహితులును స్కాను చేసిరి. మూడు ప్రతులు తీసితిమి. ఒకటి పాఠశాల బీరువాలో నున్నది; ఒకటి వేఱొక పట్టణమున నున్న పూర్వవిద్యార్థి యొద్ద నున్నది; ఒకటి క్లౌడులో నున్నది. ప్రతి పటము యొక్క వేలిముద్ర సంఖ్యను ఒక నోటుపుస్తకములో వ్రాసి పెట్టితిమి. ప్రతి టర్ము చివరను ఇద్దఱు బాలురు ఆ మూడు ప్రతులను తెఱచి, తమకు తోచిన పటములను చెప్పకుండ ఎంచి, సంఖ్యలను సరిచూచుచున్నారు. మొదటి పరీక్షలోనే ఒక ప్రతిలో రెండు పటములు చెడియున్నట్లు కనుగొని, తక్కిన ప్రతులనుండి బాగుచేసిరి. సరిచూడకుండినచో ఆ సంగతి మాకు ఏండ్ల తరబడి తెలియకయే యుండెడిది.

దాచితిమని నమ్మియుండుట చాలదు. దాచినది యున్నదని అప్పుడప్పుడు రుజువు చూచుకొనవలెను. నేను ఫైల్‌కాయిన్‌నుండి నేర్చుకొన్న పాఠ మిదియే. దీనికి నాణెముతో పని లేదు. ఈ సంచికను చదువు పూర్వవిద్యార్థుల యిండ్లలో మా పాఠశాల పాత ఛాయాపటములు గాని, పాత సంచికలు గాని యున్నచో, దయచేసి ఒక్క పూట మాకు ఎరువిచ్చినచో ప్రతి తీసికొని, భద్రముగా తిరిగి చేర్చెదము. వాని వేలిముద్రలు కూడ మా నోటుపుస్తకములో చేరును.